గుటక వినడం నేర్పిన సువార్తమ్మ సిస్టరు గారు

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు, నాలుగు రోజుల మా బాబు కిందనుంచి గుడ్డ తీశాను. పాత పంచె చింపి మా అమ్మ కుట్టిన మెత్తటి గుడ్డ. తెల్లవారి వేసింది వేసినట్టే పొడిగా ఉంది. మధ్యలో మాత్రం ఇటుక పొడి రాలినట్టు చిన్న ఎర్రటి మరక. అది రక్తం కాదని నాకు తెలుసు. ఐదేళ్ళ క్రితం అలాంటి మరకనే ఒకావిడ నా కళ్ళముందు పరిచి, అదేమిటో చెప్పారు. తెలుసు గనుకనే భయమేసింది. బాబు వైపు చూశాను. నిద్రపోతున్నాడు. పొద్దుటినుంచీ నిద్రపోతూనే ఉన్నాడు. పొరుగావిడ వచ్చి "ఎంత బుద్ధిమంతుడో, నోరెత్తట్లేదు" అని మురిసిపోయి వెళ్ళింది కూడా.

ఆ మరక సంగతి నాకు చెప్పిన మనిషికే ఫోను చేశాను. ఆ పొద్దున వస్తానని మాటిచ్చి రాకపోవడం ఆవిడ స్వభావం కాదు; ఆ సంగతి అప్పటిదాకా నాకు తోచలేదు. ఫోను వాళ్ళ అమ్మాయి ఎస్తేరు టీచరు గారు ఎత్తారు.

"సిస్టరు గారు లేరాండీ? బాబు గుడ్డలో మరక..." అని మొదలుపెట్టాను.

"అమ్మ పోయిందమ్మా. తెల్లారగట్ల గుండె నొప్పంది. ఆటో పిలిచేలోపే అయిపోయింది."

నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. ఆవిడ అడిగిన మాట మాత్రం గుర్తుంది. "బాబుకేవైందమ్మా? ఇవాళ ఎన్ని తడిపేడు?" తల్లి దేహం పక్కన కూర్చున్న కూతురు అడిగిన మాట అది. ఆ ఇంట్లో పెరిగిన వాళ్ళకు అదే మొదట నోటికి వచ్చే ప్రశ్న.

సువార్తమ్మ గారి జ్ఞాపకార్థ కూడికలో పంచే చిన్న పుస్తకానికి నాలుగు మాటలు రాయమని ఎస్తేరు గారే నన్ను అడిగారు. బాబుకు ఇప్పుడు తొమ్మిది రోజులు. రాత్రిపూట వాడు తాగి పడుకున్నాక, మళ్ళీ లేచేలోపు ఇది రాస్తున్నాను. వాక్యం మధ్యలో లేచి వెళ్ళి మళ్ళీ వచ్చిన చోట్లు చాలా ఉన్నాయి. అతుకులు కనిపిస్తే మన్నించాలి.

ఇది చదివేవారిలో చాలామందికి ఆవిడ పరిచయం అక్కర్లేదు. కొత్తపేట, ముక్తేశ్వరం చుట్టుపట్ల పల్లెల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఏఎన్ఎంగా పనిచేసి, నాలుగేళ్ళ క్రితం పదవీ విరమణ చేశారు. తర్వాత కొత్తపేటలో కూతురి దగ్గర ఉండేవారు. ఉద్యోగం ఆగింది గాని రాకపోకలు ఆగలేదు. ఎవరింట పురుడు వచ్చిందని తెలిసినా గొడుగు, గుడ్డసంచి పట్టుకుని షేర్ ఆటో ఎక్కేసేవారు. పొడవైన మనిషి, సన్నగా, ఎప్పుడూ లేతరంగు నేత చీరలో. ఇంట్లోకి రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవారు. కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. నేలమీద, బాలింత మంచానికి ఆనుకుని, తల సరిగ్గా బిడ్డ తలకు ఎదురుగా ఉండేలా చతికిలబడేవారు.

చేతికి వాచీ ఉండేది కాదు. నర్సుకు వాచీ లేకపోవడమేమిటని మీలో కొందరైనా అనుకుని ఉంటారు. వాచీ ఉండేది. సంచిలో, అడుగున, జేబురుమాలులో చుట్టి ఉండేది. నాడి చూడాల్సినప్పుడు తీసేవారు, చూశాక మళ్ళీ చుట్టి పెట్టేసేవారు. ఎందుకో చెబుతాను. దానికంటే ముందు, ఆవిడ మా గుమ్మం తొక్కిన మొదటి రోజు సంగతి చెప్పాలి.

అప్పటికి మా అమ్మాయి వెన్నెలకు ఐదు రోజులు. నేను ముక్తేశ్వరంలో పుట్టింట్లో ఉన్నాను. బీఎస్సీ చదివినదాన్ని, ప్రతిదీ సక్రమంగా చేయాలని నా పట్టుదల. ఫోనులో గడియారం పెట్టుకుని ఒక వైపు పదిహేను నిమిషాలు, రెండో వైపు పదిహేను నిమిషాలు పాలిచ్చేదాన్ని. ఎన్ని గంటలకు మొదలైందో, ఎన్ని గంటలకు ముగిసిందో నోట్‌బుక్కులో రాసేదాన్ని. చనుమొనలు పగిలి కంట నీళ్ళు తిరిగేవి. తల్లితనం అంటే ఇదే కాబోలు అనుకుని పళ్ళ బిగువున ఓర్చుకునేదాన్ని. పాప మాత్రం హాయిగా నిద్రపోయేది. చుట్టాలందరూ బంగారుకొండ అన్నారు.

సువార్తమ్మ గారు ఆ రోజు వచ్చి, గది నిండా నిలబడ్డ మా పిన్నులనూ అత్తలనూ చూశారు. "బిడ్డ పాలు తాగుతుంటే చూడ్డానికి టిక్కెట్లు గాని పెట్టేరా ఏంటండీ? నేను కొనుక్కోలేదు. కాస్త బయట కూచోండమ్మా," అన్నారు. అందరూ నవ్వుకుంటూ బయటికి వెళ్ళారు. మా అమ్మ సత్యవతి, నేను, పాప మిగిలాం.

"ఏదీ, పాలివ్వమ్మా," అన్నారు. ఇచ్చాను. అలవాటుగా ఫోను నొక్కాను. ఆవిడ కళ్ళు మూసుకుని తల వంచి కూర్చున్నారు. ప్రార్థన చేస్తున్నారేమో అనుకున్నాను. అలా ఐదు నిమిషాలు గడిచాయి.

"ఏం చేస్తున్నారండీ?" అని అడిగాను.

"వింటున్నానమ్మా."

"ఏం వింటున్నారు?"

"గుటక. వినపడట్లేదు. చప్పరిస్తోందంతే. చప్పరించడం వేరు, మింగడం వేరు."

నా నోట్‌బుక్కు తీసి చూపించాను. రోజుకు ఎనిమిది సార్లు, సారికి ముప్పై నిమిషాలు, ఎక్కడా లోపం లేదు. ఆవిడ పేజీలు శ్రద్ధగా తిప్పి, మూసి, పక్కన పెట్టారు. "గడియారం పాలు తాగదు తల్లీ. ఇందులో నువ్వు కూచున్న లెక్కుంది. పాప తాగిన లెక్క లేదు."

అప్పుడే మా ఆయన రాజోలు వైపునుంచి బండిమీద వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయనకు అటు రొయ్యల చెరువులున్నాయి. సువార్తమ్మ గారు ఆయనను ఎగాదిగా చూసి, "అల్లుడు గారూ, చెరువులో రోజుకి ఎంత మేత వేస్తారో రాసుకుంటారా?" అని అడిగారు.

"ఆయ్, రాస్తామండి."

"రాసేసి ఊరుకుంటారా?"

"ఎలా ఊరుకుంటామండి? చెక్ ట్రే ఎత్తి చూడాలి గదా. ట్రేలో మేత మిగిలిపోయిందంటే రొయ్య తినట్లేదన్నమాటే. వేసిన లెక్క మనకి. తిన్న లెక్క ట్రే చెబుద్ది."

"మరి మీ ఆవిడకి చెప్పరేమండీ? ఈవిడ మేత రాసుకుంటోంది గాని ట్రే ఎత్తట్లేదు." అంటూ మూల గంపలో పడేసిన పాప గుడ్డలు తెచ్చి నా ముందు పరిచారు. అన్నీ పొడిగుడ్డలే. ఒకదానిమీద ఇటుక రంగు మరక. "ఇదే ట్రే. పుట్టిన మొదటి రెండ్రోజులు ఇలాంటి మరక పడొచ్చు. ఐదో రోజున పడకూడదు. ఈపాటికి రోజుకి ఆరేడు గుడ్డలు తడిచి బరువుగా ఉండాలి. దొడ్డికి నలుపు పోయి పసుప్పచ్చగా రావాలి. పాప నిద్దరోతోందని మీరంతా సంబరపడుతున్నారు. కడుపు నిండి పడుకోటం వేరు, ఓపిక లేక పడుకోటం వేరు."

మా ఆయన ముఖం పాలిపోయింది. చెరువులో ట్రే నిండుగా పైకొచ్చిన రోజు ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అంతకంటే ఎక్కువ పాలిపోయింది.

ఆవిడ మా అమ్మ వైపు తిరిగారు. "సత్యవతి గారూ, పాప నోట్లో ఏం పోసేరండి?"

"ఏం లేదండి... ఆ ఎర్రమరక చూసి వేడి చేసిందనుకున్నాను. లేత బొండం నీళ్ళు, రెండు చెంచాలు. చలవ గదాని. పూటకోసారేనండి." అమ్మ అంతటితో ఊరుకోక, "మన దొడ్లో చెట్టేనండి. మందులేవీ కొట్టలేదు," అని కూడా చేర్చింది.

కొబ్బరి చెట్టు లేని ఊరివాళ్ళు ఈ పొరపాటు చేయరేమో. మా వైపు ఒంట్లో ఏ వేడికైనా విరుగుడు బొండమే. పెద్దవాళ్ళకు పనిచేసేది పసికందుకు ఎందుకు పనిచేయదని అమ్మ అనుకుంది. సువార్తమ్మ గారు కోప్పడలేదు. "చెట్టు మంచిదేనండి. పాప పొట్టే చిన్నది. ఉసిరికాయంత ఉంటదంతే. అందులో బొండం పోస్తే పాలకి చోటేదండి? పాప తాగకపోతే మీ అమ్మాయికి పాలూరవు. పాలూరకపోతే మీరు మళ్ళీ బొండం కొడతారు. చివరికి చెట్టు ఖాళీ, రొమ్మూ ఖాళీ. ఇకనుంచి ఆ నీళ్ళు బాలింతకివ్వండి," అన్నారు.

తర్వాత నా చేత పాలు పట్టించారు. పాపను పూర్తిగా నా వైపు తిప్పారు, దాని పొట్ట నా పొట్టకు ఆనేలా. తల ఒక్కటే మెలితిరగకుండా చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉంచారు. చనుమొనతో పై పెదవిని తాకిస్తూ ఆగమన్నారు. "తొందరపడకు. ఆవలించినంత తెరవాలి. ఇంకా... ఇంకా... ఇప్పుడు." నా వీపు వంచనివ్వకుండా పాపనే నా దగ్గరికి తెచ్చారు. గడ్డం రొమ్ములోకి దిగింది, కింది పెదవి బయటికి విచ్చుకుంది, ముక్కు వదులుగా ఉంది.

"రసం మామిడిపండు ఎలా తింటావమ్మా? తొడిమ పట్టుకుని చప్పరిస్తావా?"

"లేదండీ, పండు పిసికి..."

"అదీ. రసం పండులో ఉంటాది గాని తొడిమలో ఉండదు. ఇందాక పాప తొడిమ చప్పరించింది. అందుకే నీకు నొప్పి, దానికి ఆకలి. నొప్పి పెట్టిందంటే ఓర్చుకోకు. చిటికెనవేలు నోటి మూలన పెట్టి విడిపించి, మళ్ళీ పట్టించు. పదిసార్లైనా సరే."

మొదట గబగబా చప్పరించింది. ఆ తర్వాత దవడ నెమ్మదించింది. లోతుగా ఒక లాగుడు, చిన్న విరామం, అప్పుడు గొంతులో అతి మెల్లగా ఒక చప్పుడు. సువార్తమ్మ గారు వేలెత్తి నా కళ్ళలోకి చూశారు. మళ్ళీ వచ్చింది ఆ చప్పుడు. ఆ రోజు ఆ గదిలో నా బిడ్డ మొదటిసారి పాలు తాగింది. అంతకు ముందు నాలుగు రోజులు నేను దానికి పాలు ఇచ్చాననే అనుకున్నాను.

తర్వాత వారం రోజులు వరసగా వచ్చారు. ఒక వానరోజు ఆటోలు ఆగిపోయి మా ఇంట్లోనే చిక్కుకుపోయారు. ఆ సాయంత్రమే వాచీ సంగతి అడిగాను. చెప్పడానికి ఆవిడకు ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. అయినా చెప్పారు.

"కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులమ్మా. ఏటి మధ్య లంకలో ఒక పడవోళ్ళ ఇల్లు. తొలిచూలు కాన్పు. నేను వాచీ చూస్తా, ఇటు పది నిమిషాలు, అటు పది నిమిషాలు అని చెప్పి పడవెక్కేసేదాన్ని. నాకలా చెప్పేరు, నేనలాగే చెప్పేను. బిడ్డ చిక్కిపోయింది. నీకు పాలు చాలట్లేదమ్మా అని డబ్బాపాలు మొదలెట్టించేను. వరద రోజులు. నీళ్ళెక్కడివో, సీసా ఎలా కడిగేరో నేను చూళ్ళేదు. విరేచనాలు పట్టుకున్నాయి. తొమ్మిదో రోజున నేను వెళ్ళేటప్పటికి గోతిలో పెట్టి వచ్చేసేరు." చాలాసేపు వాన వైపు చూశారు. "ఆ తల్లి రవిక తడిసిపోయి ఉందమ్మా. పాలు లేకపోవటం కాదు. నాకు చెవి లేకపోవటం."

ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ కంట నీరు రాలేదు. అన్నేళ్ళుగా మోసినదానికి కన్నీరు సరిపోదేమో. ఆ రోజునుంచి బాలింత గదిలోకి వాచీ చేతికి పెట్టుకుని వెళ్ళలేదట.

ఆ గట్టిదనం ఆవిడకు ఇంకెక్కడినుంచో కూడా వచ్చిందని తర్వాత తెలిసింది. వాళ్ళమ్మ కూలికి నాట్లు వేసేవారు. పసిబిడ్డ సువార్తమ్మను గట్టుమీద పడుకోబెట్టి చేలోకి దిగేవారు. "పాలు చేపుకొచ్చి మా అమ్మ రవిక తడిచినా, ఆసామి ఊఁ అంటేగాని గట్టెక్కటానికి లేదు. ఆకలేసినప్పుడు కాదమ్మా, ఆయనకి తోచినప్పుడు తాగేన్నేను," అని నవ్వుతూ చెప్పేవారు. ఆ ఇంటినుంచి బడికి వెళ్ళిన మొదటి మనిషి ఆవిడే. ఆ బిడ్డే పెరిగి, ఊళ్ళో ఆసాముల ఇళ్ళకే వెళ్ళి, వాళ్ళ కోడళ్ళ పక్కన నేలమీద కూర్చుని, వాళ్ళ మనవల గుటకలు విన్నారు.

ఇంత చెప్పాక ఒకటి స్పష్టం చేయకపోతే ఆవిడకు అన్యాయం చేసినట్టవుతుంది. తల్లిపాలు రాని తల్లిని ఆవిడ ఒక్క మాట అనేవారు కాదు. మా వీధి చివర ఒకమ్మాయికి కాన్పులో చాలా రక్తం పోయి పాలు పడలేదు. అత్తవారు దెప్పిపొడుస్తుంటే సువార్తమ్మ గారే గిన్నె, చెంచా మరిగించి, డాక్టరు రాసిన డబ్బాపాలు ఎలా కలపాలో వాళ్ళ ముందే కూర్చుని నేర్పారు. "ముందు బిడ్డ బతకాలండి. మన పంతాలు తర్వాత," అన్నారు ఆ అత్తగారితో.

ఇప్పుడు మళ్ళీ ఆ మంగళవారానికి వస్తాను.

ఫోను పెట్టేశాక ఏడవడానికి నాకు వ్యవధి లేకపోయింది. గంటలో బాబును అమలాపురం తీసుకెళ్ళాం. పిల్లల డాక్టరమ్మ తూచి, వేలితో చర్మం నొక్కి, కళ్ళు చూసి, "బరువు తగ్గాడు. హద్దు దాటలేదు గాని అంచున ఉన్నాడు. రెండు గంటలకొకసారి లేపి పట్టండి. తాగకపోతే మీ పాలే పిండుకుని చెంచాతో పోయండి. మగతగా ఉన్నా, ఒళ్ళు వేడెక్కినా వెంటనే వచ్చేయండి. రేపు పొద్దున తొమ్మిదికి మళ్ళీ తూస్తాను. ఇంకా తగ్గితే చేర్చుకుంటాను," అన్నారు. అంటే నా చేతిలో ఒక్క రాత్రి ఉంది.

నా తప్పు ఎక్కడ జరిగిందో దారి పొడుగునా వెతుక్కున్నాను. రెండో కాన్పు గదా, అన్నీ తెలుసు గదా అన్న ధీమా. బాబు రెండు వారాలు ముందే పుట్టాడు. వాడికి వెన్నెలంత ఊపు లేదు. ఆ మంగళవారమే నాకు పాలు పొంగుకొచ్చి రొమ్ములు రాళ్ళయ్యాయి. వాడి చిన్న నోటికి పట్టు దొరకక జారిపోతుంటే, అలసి నిద్రపోతుంటే, నిండుగా ఉన్నాయి గదా, తాగే ఉంటాడనుకున్నాను. పాలు లేక ఒకసారి కంగారుపడినదాన్ని, పాలు నిండి ఉండగా మోసపోయాను.

రాత్రి ఎనిమిదికి పట్టించాను. రెండుసార్లు చప్పరించి వదిలేశాడు. మళ్ళీ పట్టించాను, జారిపోయాడు. నాకు తెలియకుండానే నా చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది. ఎన్ని నిమిషాలైందో చూస్తున్నాను.

"ఆ ఫోనిలా ఇయ్యి," అంది అమ్మ.

"టైము చూస్తున్నానమ్మా."

"ఆవిడ పొద్దున్నే పోయింది. రాత్రికే మర్చిపోయేవా? ఇయ్యి." ఫోను తీసుకుని పక్కగదిలో పెట్టి వచ్చింది. ఐదేళ్ళ క్రితం బొండాలు కొట్టిన మా అమ్మే. వచ్చి నేలమీద, నా మంచానికి ఆనుకుని కూర్చుంది. "రొమ్ము గట్టిబడితే ఏం చెయ్యమన్నారు? చెప్పు."

"ముందు కాస్త పిండమన్నారు. నల్లటి చోట మెత్తబడేదాకా. గాలి నిండిన బుడగని కొసన కొరకలేం గదా అన్నారు."

"మరి చెయ్యి."

వేడినీళ్ళలో ముంచిన గుడ్డ అమ్మ వేసింది. నేను పిండాను. మొదట చుక్కలు, తర్వాత ధార. ఆ పాలు గిన్నెలో పట్టి, బాబును కూర్చోబెట్టినట్టు పట్టుకుని చెంచాతో పెదవికి ఆనించాం. నాలుక చాపి తీసుకున్నాడు. నాలుగైదు చెంచాలు వెళ్ళేసరికి కళ్ళు తెరిచాడు. బట్టలన్నీ విప్పి నా గుండెకు ఆనించి పైన దుప్పటి కప్పుకున్నాను. పావుగంటకు తలతో వెతకడం మొదలుపెట్టాడు.

"ఆగు," అంది అమ్మ. "ఇంకా తెరవనీ."

ఆగాను. జీవితంలో నేను అంత కష్టపడి ఆగిన క్షణాలు మరి లేవు. ఆవలించినట్టు నోరు తెరిచాడు. దగ్గరికి తెచ్చుకున్నాను. జారలేదు. గబగబా, గబగబా, ఆ తర్వాత నెమ్మదిగా. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. గదిలో ఫ్యాను చప్పుడు అడ్డు వస్తోందని అమ్మ లేచి ఫ్యాను ఆపేసింది.

ఏమీ వినపడలేదు.

ఏమీ వినపడలేదు. అమ్మ నా ముఖం చూడడం మానేసింది.

అప్పుడు ఒక గుటక. నా భ్రమేమో అనుకున్నాను. అమ్మ చెయ్యి నా మోకాలిని నొక్కింది. రెండోది. మూడోది.

అన్నీ అలా జరగలేదు. పదకొండుకు మళ్ళీ జారిపోయాడు, చెంచాయే దిక్కయింది. ఒంటిగంటకు అరికాళ్ళు నిమిరి లేపాల్సి వచ్చింది. డబ్బాపాలు తెప్పిద్దామా అని ఆయన అడిగితే, తెల్లారేలోపు గుడ్డ తడవకపోతే తొమ్మిదిదాకా ఆగకుండా బయల్దేరదామనీ, డాక్టరమ్మ ఏది పొయ్యమంటే అది పోద్దామనీ అన్నాను. ఆవిడ ఉన్నా అదే అనేవారు. మూడున్నరకు బాబును రెండో వైపు మారుస్తుంటే నా ఒళ్ళో వెచ్చగా తగిలింది. గుడ్డ పిండితే నీళ్ళు కారేంత తడి. అమ్మ ఆ గుడ్డను పట్టుకుని దీపం దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. సువార్తమ్మ గారి కోసం మా ఇంట్లో మొదట ఏడ్చింది అమ్మే. తెల్లారేలోపు ఇంకో రెండు గుడ్డలు తడిపాడు.

పొద్దున తొమ్మిదికి తూచారు. తగ్గలేదు. ఇరవై గ్రాములు పెరిగాడు. డాక్టరమ్మ తాగేటప్పుడు ఒకసారి చూసి, "ఎవరు నేర్పారమ్మా?" అని అడిగారు. పేరు చెప్పాను. పేరు పక్కన ఎప్పుడూ చెప్పే ఊరు, ఫోను నంబరు ఈసారి చెప్పలేకపోయాను.

ఆ మధ్యాహ్నమే కొత్తపేటలో ఆవిడను సమాధి చేశారు. మా వైపు పురుట్లో ఉన్న మనిషి చావింటికి వెళ్ళదు. వెళ్తానన్నాను, అమ్మ వద్దంది. చివరికి నన్ను ఆపింది ఆచారం కాదు, రెండు గంటలకొకసారి పాలు. మా ఆయన వెళ్ళి వచ్చారు. చంకన బిడ్డలతో వచ్చిన ఆడవాళ్ళతో ఆ సందంతా నిండిపోయిందనీ, ప్రార్థన జరుగుతుండగా పిల్లలు ఏడిస్తే తల్లులు అక్కడే గోడవారగా కూర్చుని పాలిచ్చారనీ, పాస్టరు గారు వాక్యం ఆపి వాళ్ళకు నీడ చూపించమన్నారనీ చెప్పారు.

మన ఊళ్ళలో ఆస్పత్రులు పెరిగాయి. మంచి డాక్టర్లున్నారు, తూచే యంత్రాలున్నాయి. అంచున ఉన్నాడని చెప్పగలిగే వాళ్ళున్నారు. అంచునుంచి వెనక్కి తెచ్చేందుకు, పని మానుకుని, నేలమీద కూర్చుని, కళ్ళు మూసుకుని వినే మనిషి ఎక్కడున్నారో నాకు తెలియదు. ఆ చోటు ఖాళీ అయింది. సువార్తమ్మ గారికి నేను చేయగల నమస్కారం ఈ నాలుగు పేజీలే. ఇది చదివిన ఏ బాలింతైనా ఈ రాత్రి గుడ్డ తడిచిందో లేదో చూసుకుంటే, ఆవిడ ఆత్మకు అదే శాంతి.

ఆ బుధవారం పొద్దున అమలాపురంనుంచి ఇంటికి రాగానే వెన్నెల అరుగుమీదినుంచి దిగి పరుగెత్తుకొచ్చింది. తమ్ముడు తాగాడా అని అడిగింది. తాగాడన్నాను. ఇద్దరినీ దగ్గర పెట్టుకుని మంచంమీద కూర్చున్నాను. సువార్తమ్మ గారు దేవుడి దగ్గరికి వెళ్ళారనీ ఊరెళ్ళారనీ చెప్పాలనిపించలేదు. నువ్వు పుట్టినప్పుడు నీకు పాలు తాగడం, నాకు పాలివ్వడం నేర్పిన సిస్టరు గారు నిన్న చనిపోయారని చెప్పాను. బాబుతో, నిన్ను ఆవిడ చూడలేదురా అన్నాను.

వెన్నెల తమ్ముడి కాలు పట్టుకుని, "మరి నాకు పాపాయి పుడితే ఎవరొస్తారమ్మా?" అంది.

"నేనొస్తాను," అన్నాను. "ఆవిడంత బాగా రాదు నాకు. అయినా వస్తాను."